సిలువ వెంట నడచిన యువలోకము

1984వ సంవత్సరమున, విమోచన జూబిలీ వత్సరము ముగిసిన ఈస్టరు పండుగనాడు, రెండవ జాన్ పాల్ జగద్గురువులు, పునీత పేతురు దేవాలయమందు ఆ వత్సరమంతయు ప్రధాన బలిపీఠము చెంత నిలిచియుండిన కొయ్యసిలువను యువజనుల కప్పగించి, దానిని లోకమంతట మోసికొని పొండని ఆనతిచ్చిరి. 3.8 మీటర్ల ఎత్తు. నగిషీ యేమియు లేని సాదా మ్రాను. నేడు ఖండఖండాంతరములనుండి కాథలిక్ యువజనులను లక్షలకొలదిగ రప్పించుచున్న ప్రపంచ యువజన దినోత్సవమున కదియే బీజమని నా తలంపు. ఏలయన, ఆ యేటి మట్టలాదివారమునకు రోములో గుమిగూడిన జనము మఱునాటికి చెదరిపోయెనే గాని, సిలువ మాత్రము నడక మానలేదు.

1985 ఐక్యరాజ్యసమితివారి అంతర్జాతీయ యువజన సంవత్సరమగుటచే రోమున మరల సమ్మేళనము జరిగెను; ఆ డిసెంబరులోనే దీనిని ఏటేట జరుపవలెనను నిర్ణయము వెలువడెను. 1986లో ఆయా మేత్రాసనములయందును, 1987లో బ్యూనస్ ఐరిస్ నగరమందును ఉత్సవము నడచినది. 1989లో ఎన్నుకొనినది మధ్యయుగములనుండి బాటసారుల పాదధూళి నెఱిగిన స్పెయిను దేశపు సాంతియాగో క్షేత్రము. 1991లో నల్లని మరియమాత పటమునకు నిలయమైన పోలండులోని చెన్‌స్టొహోవా. బెర్లిను గోడ కూలి రెండేండ్లయినను నిండలేదు. మతబోధను దశాబ్దములపాటు అణచివేసిన సోవియట్ దేశమునుండి సైతము యువజనులు వేలకొలదిగ సరిహద్దు దాటివచ్చి, పశ్చిమ దేశములవారి సరసన మోకరిల్లిరి. ఆగస్టు 15న ఆ పూజ ముగిసినది. 19న మాస్కోలో సోవియట్ అధికారమును నిలుపుకొనుటకై తుది కుట్ర చెలరేగినది. దీనికి దానికి కార్యకారణ సంబంధమంటగట్టుట అవివేకమే యైనను, ఆ రెండు తేదీలను ప్రక్కప్రక్కన చదువునపుడు మనస్సు ఒకింత ఆగక మానదు.

అసలు మలుపు 1993లో వచ్చినది. ప్రాచీన యాత్రాస్థల మేదియు లేని అమెరికాలోని డెన్వరు నగరమును జగద్గురువులు ఎన్నుకొనిరి. అంతకు ముందటి రెండు మారులును పుణ్యక్షేత్రమే యాత్రికులను పిలిచినది. ఇక యాత్రికులే తాము చేరినచోటును క్షేత్ర మొనర్పవలసివచ్చెను. సత్యోపదేశము, సిలువమార్గము, శనివారపు రాత్రి ఆరుబయట జాగరణ, ఆదివారపు దివ్యబలిపూజ అను క్రమము ఏ మైదానమందైనను ఒదుగునని అచట రుజువైనది. 1995లో మనీలా పూజకు హాజరైనవారు నలుబది లక్షలకు మించిరని అంచనా. ఆ జనసంద్రమును చీల్చుకొని వాహనము కదలజాలక జగద్గురువులు హెలికాప్టరులో వేదిక చేరిరి. పత్రికలు నేటికిని ఈ సంఖ్యనే స్మరించును. నాకు మాత్రము 2013లో రియో నగరమున జరిగినది మిన్నగా దోచును. ఎంతో వ్యయముతో సిద్ధపఱచిన గ్వరాతిబా మైదానము వానకు బురదయై పోగా, జాగరణయు పూజయు కోపకబానా సముద్రపుటొడ్డునకు తరలినవి, ఇసుకయే దేవాలయమైనది.

నాలుగు నాళ్ళ ఆవేశము ఇల్లు చేరిన పిదప నిలుచునా యని అడుగువారు సంఘములోనే కలరు; ఆ ప్రశ్న న్యాయమైనదే. 2023లో లిస్బన్ సమ్మేళనమునకు పదునైదు లక్షలమంది వచ్చిరి. తదుపరి సమ్మేళనము 2027లో, కాథలికులు అల్పసంఖ్యాకులైన దక్షిణ కొరియా రాజధాని సియోలులో జరుగవలసియున్నది. 2024 నవంబరులో, క్రీస్తురాజు మహోత్సవమునాడు, పోర్చుగల్ యువజనులు ఆ కొయ్యసిలువను రోములో కొరియా యువజనుల భుజములకు మార్చిరి.