నకలు తీయువానికి ఎంత అధికారము కావలెను?

రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజునకు నకలు వ్రాయు గుమాస్తాను తలచుకొనండి. అతడు పత్రమును మొదటినుండి చివరివరకు చదువవలెను. కాని అందులో ఒక్క అక్షరము మార్చుటకైనను అతనికి అధికారము లేదు. ఈ చిన్న భేదమును కంప్యూటరు లోకము ఆచరణలో పెట్టుటకు చాలకాలము పట్టినది.

బ్యాంకు ఖాతాలు, పరీక్షల మార్కులు, రైలు టిక్కెట్లు మొదలగు సమాచారమును పట్టికలుగా నిలువచేయు భాండారమే డేటాబేసు. అది చెడిపోయినచో ఆదుకొనుటకు వేరుగా దాచు నకలే బ్యాకప్పు. దానికై ప్రతి రాత్రి మనిషి మేల్కొననక్కరలేదు. చేయవలసిన పనులను ఒకదాని వెనుక ఒకటిగా వ్రాసిన ఆజ్ఞల వరుసను స్క్రిప్టు అందురు. 1979లో వెలువడిన ఏడవ యూనిక్స్ కూర్పులోని 'క్రాన్' అను ప్రోగ్రాము ఇట్టి ఆజ్ఞలను చెప్పిన వేళకు తానే నడిపించెడిది.

మరి ఆ స్క్రిప్టునకు ఎంత అధికారము ఈయవలెను? 1975లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు సాల్ట్‌జర్, ష్రోడర్ ఒక సూత్రమును వివరించినారు: ఏ ప్రోగ్రామునకైనను దాని పనికి చాలినంత అధికారమే ఉండవలెను. మరుసటి సంవత్సరము ఐ.బి.ఎం. పరిశోధకులు గ్రిఫిత్స్, వేడ్ పట్టికలపై అధికారమును ఇచ్చుటకు 'గ్రాంట్', తిరిగి తీసికొనుటకు 'రివోక్' అను ఆజ్ఞలుగల విధానమును ప్రకటించినారు.

ఆచరణ మాత్రము వేరు. వందలకొలది పట్టికలుండి, క్రొత్తవి చేరుచుండగా, ఒక్కొక్కదానికి విడిగా అనుమతి వ్రాయుట విసుగు పుట్టించు పని. అందుచే అనేకులు సర్వాధికారము గల ఖాతానే స్క్రిప్టునకు అప్పగించెడివారు. దాని సంకేతపదము దొంగచేత పడినచో అసలునకే ముప్పు. పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధ డేటాబేసులో అన్ని పట్టికలను చదువుటకు మాత్రమే పనికివచ్చు సిద్ధమైన అధికారము 2021లో, 14వ కూర్పుతో వచ్చినది. 1975 నాటి సూత్రమునకు, ఈ సదుపాయమునకు నడుమ 46 సంవత్సరములు!

సర్వాధికారము గల చేయి ఒక్కసారి పొరబడినను ఏమగునో అంతకుముందే తెలియవచ్చినది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, రెండవ యంత్రమనుకొని ప్రధాన యంత్రములోని డేటాబేసును చెరిపివేసినారు. సుమారు 300 గిగాబైట్లలో మిగిలినవి 4.5 మాత్రమే. నకళ్ళకై వెదకగా లేవు! డేటాబేసు 9.6వ కూర్పు, నకలు తీయు ప్రోగ్రాము 9.2వ కూర్పు. అందుచే స్క్రిప్టు ప్రతిసారియు విఫలమగుచుండెను. ఆ సంగతి తెలుపు ఈ-మెయిళ్ళు తిరస్కరింపబడి ఎవరికిని చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన నకలొకటి అదృష్టవశమున దొరికినది. అయినను సుమారు 5,000 ప్రాజెక్టులకు, 5,000 వ్యాఖ్యలకు, 700 క్రొత్త ఖాతాలకు నష్టము కలిగినది.

కావున నకలు తీయు స్క్రిప్టునకు చదువు అధికారము చాలును. మనకు మాత్రము మరియొక పని మిగిలియున్నది. గుమాస్తా వ్రాసిన నకలును అసలుతో సరిచూచినట్లే, దాచిన బ్యాకప్పును అప్పుడప్పుడు వేరొక యంత్రములో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదనుకొనుట నమ్మకమే గాని భద్రత కాదు.