మహానావికుడు శివకుడు

మా నాగాయలంక రేవులో కూర్చుంటే వలల గురించో, డీజిలు ధర గురించో మాటలు నడుస్తాయి. నాకు మాత్రం శివకుడు గుర్తొస్తాడు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో ‘మహానావిక’ శివకుడని ఉంది. రాజు కాదు, మంత్రి కాదు, ఓడలు నడిపినవాడు! రెండో శతాబ్దపు భూగోళవేత్త టాలెమీ రాసిన ‘కంటకోస్సిల’ రేవు ఘంటసాలేనని చరిత్రకారుల మాట.

అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించిన అలెగ్జాండర్ రే 1894లో వివరాలు అచ్చువేశాడు. నడుమ చతురస్రంగా ఇటుక దిమ్మె, చుట్టూ గుండ్రని గోడ, ఆ రెంటి మధ్య బండిచక్రం ఆకుల్లా అడ్డుగోడలు. పునాదికి ఎంత లెక్క చూశారో!

శివకుడి కాలం తర్వాత కృష్ణమ్మ ఒండ్రు పోసి పోసి సముద్రాన్ని దూరంగా నెట్టేసింది. ఓడల రేవు వరిపొలాల ఊరైంది. చల్లపల్లి దాకా పనిమీద వెళ్లే మనవాళ్లు ఓ పూట ఘంటసాల కూడా చూసి రండి.