విజ్ఞానచంద్రికా మండలి – కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు

సంఘమునకు సేవచేసి గతించినవారిని స్మరించుట మన పెద్దల యాచారము. చిత్తరువునకు పూలదండ వేయుదుము. వారి గుణములను కొనియాడుదుము. వారు చేపట్టిన పని యేమైనదని విచారించుట మాత్రము తక్కువ. విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణభూతులైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి విషయమున ఈ విచారణయే ముఖ్యము.

వీరు 1877లో నాటి కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, అక్కగారైన భండారు అచ్చమాంబగారి కుటుంబముతో నుండి నాగపురమున విద్య నభ్యసించిరి. మహారాష్ట్రులు చరిత్రలను, శాస్త్రములను తమ భాషలోనే వ్రాసికొనుట వీరచ్చట చూచిరి. మన భాషలో నట్టి గ్రంథములు మిక్కిలి తక్కువగా నుండుట వీరికి వెలితిగా తోచెను. తరువాత మునగాల సంస్థానమున దివానుగా నుండి, ఆ వెలితి తీర్చుటకు పూనుకొనిరి.

1906లో రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు మున్నగువారితో కలిసి హైదరాబాదున మండలిని స్థాపించిరి. 1907లో హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము వెలువడెను. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమ భాగము వచ్చెను. జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మొదలు కలరా, చలిజ్వరముల వరకు సామాన్యుల కుపయోగించు విషయములు తెనుగున నచ్చుపడెను. లక్ష్మణరావుగారు స్వయముగా చరిత్ర గ్రంథములు వ్రాయుటయే గాక, ఇతరుల గ్రంథములకు సంపాదకులై పాటుపడిరి.

ఇంతలో విఘ్నములు కలిగెను. 1908లో హరిసర్వోత్తమరావుగారిని రాజద్రోహ నేరముపై కారాగారమున నుంచిరి. 1910లో రంగారావుగారు చిన్నవయసుననే కీర్తిశేషులైరి. అప్పటికే మండలి చెన్నపురికి తరలియుండెను. అయినను లక్ష్మణరావుగారు పని విడువలేదు. పైగా సకల విషయములను అకారాది క్రమమున వివరించు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును కూడ తలకెత్తుకొనిరి. మూడు సంపుటములు వెలువడినను అకారమును దాటలేదు. 1923లో, నలువదియాఱవ యేట వారు పరమపదించిరి. ఆ మహాకార్యము నడుమనే నిలిచెను.

వారి శ్రద్ధలో లోపము లేదు. బరువంతయు ఒక్కరి భుజములపై నుండుటయే లోపము. సమర్థుడైన సభ్యుడు దొరికినప్పుడు తక్కినవారు నిశ్చింతగా కూర్చుండుట సంఘములలో తఱచుగా జరుగును. అతడు పోయిననాడు గాని ఆ నిశ్చింతకు వెల తెలియదు.

అయితే వారి సంకల్పము వారితో నశింపలేదు. 1930వ దశకమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ సర్వస్వమును మరల చేపట్టిరి. 1938లో వారును గతించుటచే నది పూర్తికాలేదు. పిదప 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి, పెక్కురు విద్వాంసుల సహాయముతో, విషయముల వారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటములను వెలువరించెను. ఒకరు విడిచిన కాడిని పలువురు పట్టినందుననే పని సాగినది.

గ్రామ గ్రంథాలయమునకో, సహకార సంఘమునకో, దేవాలయ ధర్మకర్తల సభకో సేవచేసిన పెద్ద యొకడు గతించినప్పుడు మనము సంతాపసభ చేయుదుము. ఆ సభ ముగియకముందే, ఆయన చూచుచుండిన లెక్కలెవరు చూతురు, ఆయన తెరచుచుండిన తలుపెవరు తెరతురు అని నిర్ణయించుకొందము. లక్ష్మణరావు పంతులుగారి వంటివారు కోరదగిన స్మారకచిహ్న మదియే.