డ్రీమ్ (1995 ఆల్బమ్)

‘డ్రీమ్’ మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014), కెనడా గిటారిస్టు, ఎలక్ట్రానిక్ సంగీతకారుడు మైఖేల్ బ్రూక్ కలిసి చేసిన ఆల్బమ్. రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ 1989లో ఇంగ్లండ్‌లో ప్రారంభించిన రియల్ వరల్డ్ సంస్థ దీనిని 1995లో విడుదల చేసింది. జాజ్‌లోని మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించే పద్ధతికి, రాక్ సంగీతపు విద్యుత్ వాద్యాలనూ లయనూ జోడించగా 1960ల చివర రూపుదిద్దుకున్న శైలిని జాజ్ ఫ్యూజన్ అంటారు. ‘డ్రీమ్’ ఆ శైలికి పొరుగున నిలిచే రచనే గాని అందులో పూర్తిగా ఇమిడేది కాదు; దీనిలో రాగభావానిదే పెద్దపీట, జాజ్ స్వరసంగతుల పాత్ర స్వల్పం.

ఈ ఇద్దరినీ కలిపినది వాద్యాలకు సంబంధించిన ఒకే చిక్కు అని చెప్పవచ్చు. మీటి వాయించే తీగ నాదం పుట్టిన మరుక్షణం నుంచే సన్నగిల్లుతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పక్క స్వరస్థానాలను తాకించే పలుకుబడి, నాదం కొంతసేపైనా నిలవకపోతే సాధ్యం కాదు. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్‌కు గురువైన రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే శిష్యుడు దానిని తీగల మీద పలికించేవాడు. వాద్యం గాత్రాన్ని అనుసరించాలన్న పట్టుదల ఈ శిక్షణ నుంచే వచ్చి ఉండాలి. జంట తీగల సంప్రదాయ మాండొలిన్‌ను పక్కనబెట్టి శ్రీనివాస్ ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టడంతో, తీగను లాగి గమకం పలికించడం సులువైంది, ధ్వనివర్ధకం వల్ల నాదమూ నిలిచింది.

బ్రూక్ అదే చిక్కును మరో దారిలో పరిష్కరించాడు. ఆయన 1980లలో రూపొందించిన ‘ఇన్ఫినిట్ గిటార్’లో తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా గ్రహించి, పెంచి, అయస్కాంత శక్తిగా తిరిగి ఆ తీగకే అందించే ఏర్పాటు ఉండటంతో, ఒకసారి మీటిన స్వరం వాద్యకారుడు ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. యూ2 బృందపు గిటారిస్టు ఎడ్జ్ ‘విత్ ఆర్ వితౌట్ యు’ (1987) పాటలో వాడింది ఈ వాద్యాన్నే. బ్రూక్ అంతకుముందు నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ గాత్రంతో ‘మస్త్ మస్త్’ (1990) ఆల్బమ్ రూపొందించాడు. అక్కడ గాయకుడు ఉన్న చోట ఇక్కడ మాండొలిన్ ఉంది. దీర్ఘంగా సాగే గిటారు ధ్వని మన తంబురా శ్రుతిలా వెనుక పరుచుకొని ఉంటే, దానిమీద మాండొలిన్ పలుకులు చురుగ్గా నడుస్తాయి. కచేరీకి అలవాటుపడిన చెవికి ఇక్కడ తని ఆవర్తనం (లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం), రాగం తర్వాత కృతి అనే వరుస లేకపోవడం వెలితిగా తోచవచ్చు. అయితే ఆ వరుసకోసం చేసిన రచన కాదిది.

జాజ్ వేదిక శ్రీనివాస్‌కు కొత్త కాదు: 1983లో, పద్నాలుగేళ్ల వయసులోనే ఆయన బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. ‘డ్రీమ్’ తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుసేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరాడు. ఆ బృందపు ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) స్టూడియోలో కాక, శ్రోతల ఎదుట ముంబైలో జరిగిన కచేరీలో రికార్డయింది.