రేడియేటరు కోరు: పాత వాహనములలో మార్పిడి

రేడియేటరు కోరు అనగా, ఇంజనులో ఇంధనము మండుటవలన పుట్టిన వేడిమిని మోసికొనివచ్చు నీటిని చల్లార్చి, ఆ వేడిమిని గాలికి విడుచు సన్నని గొట్టముల కూర్పు. 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు కారులోను, గుంటూరు మిర్చియార్డుకు బస్తాలు చేరవేసిన పాతకాలపు లారీలలోను ఇది ఇత్తడి గొట్టములు, రాగి రేకులు, ఇత్తడి ట్యాంకులు కలిగి, సీసము తగరము కలిసిన టంకముతో అతుకబడియుండెను; తరువాతి వాహనములలో అల్యూమినియము ఆ స్థానము నాక్రమించినది.

కారణములు

ఇచ్చట కోరు పూడిపోవుటకు ఒక మూలకారణము పలనాటి సున్నపురాయి; అమరావతి స్తూపమునకు శిల్పులు చెక్కినది ఈ రాయినే. మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతముల సున్నపుబట్టీలకును సిమెంటు కర్మాగారములకును ఆధారమైనదియు ఆ రాయియే. బొగ్గుపులుసు వాయువును గ్రహించిన వాననీరు దానిని కొంచెము కొంచెముగా కరిగించుకొని భూమిలోనికి ఇంకుటచే, ఈ ప్రాంతమున పెక్కుచోట్ల బోరునీరు కఠినజలమై యుండును. అట్టి నీటిని రేడియేటరులో పోసినపుడు, వేడిమికి ఆ వాయువు విడివడి, కరిగియున్న సున్నము మరల రాయియై గొట్టముల లోగోడలకు పొరకట్టును. వెలుపల దుమ్మును పత్తిపీచును రేకులసందులను మూసివేయగా, రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములలో ఇంజను కాగిపోవుట సహజము.

టంకపు అతుకులవద్ద ఆకుపచ్చని మరకలు, తరచుగా నీరు తగ్గుట, ఉష్ణమాపకపు ముల్లు పైకెక్కుట కోరు చెడినదనుటకు లక్షణములు. ఒకటి రెండు రంధ్రములైనచో మాటు వేయవచ్చును గాని, గొట్టములు పూడిపోయినపుడు కోరు మార్చుటయే యుక్తము.

మార్పిడి

ఇంజను పూర్తిగా చల్లారకముందు మూత తీయరాదు. ఒత్తిడిలోనున్న నీరు ఒక్కసారిగా ఆవిరియై ఎగసి ఒడలు కాల్చును. చల్లారిన పిమ్మట అడుగు కొళాయినుండి నీరు దింపి, పై క్రింది హోసులు విప్పి, బోల్టులు తొలగించి, రేడియేటరును బయటికి తీయుదురు. విజయవాడ, గుంటూరు ఆటోనగర్ల షెడ్లలో పనివారు టంకము కరిగించి పాత ట్యాంకులను వేరుచేసి, క్రొత్త కోరునకు అతికి, నీటితొట్టిలో ముంచి గాలి నెక్కించి, బుడగలు రాకుండుటనుబట్టి అతుకుల గట్టితనమును నిర్ణయింతురు. బిగించునపుడు హోసులను, క్లాంపులను, థర్మోస్టాటును గూడ పరీక్షించుట మేలు.

హీటరు కోరు

డ్యాష్‌బోర్డు వెనుకనుండు హీటరు కోరు రేడియేటరునకు చిన్నరూపమే. అదియు పూడుకొనును, కారును. అద్దములోపలి చెమ్మ, కాళ్లవద్ద తడి, తియ్యని వాసన దాని చిహ్నములు. మన మైదానములలో దానికి పోవు రెండు హోసులను ఇంజనువద్దనే ఒకదానితో నొకటి కలిపి దానిని తప్పింపవచ్చును; చలిదేశములలోనైతే అద్దముపై మంచు విడిపించుటకు అది యత్యవసరమగుటచే, డ్యాష్‌బోర్డంతయు విప్పియైనను మార్చవలసినదే.

జాగ్రత్తలు

క్రొత్త కోరు ఆయుర్దాయము అందులో పోయు నీటిపై ఆధారపడియుండును. సున్నము తొలగింపని బోరునీటిని మరల పోయువాడు తాను వెచ్చించిన ధనమును తానే పూడ్చిపెట్టుచున్నాడు. కావున స్వేదనజలమును కూలెంటును సమపాళ్లలో కలిపి పోసి, ఇంజను నడిపి గాలి బయటికి పోవునట్లు చేసి, మరల నింపవలెను. ఎథిలీన్ గ్లైకాల్ గల పాత కూలెంటు తీపిగానుండు విషము. పశువులు త్రాగు తావులకు చేరనీయక భద్రపరచి, అప్పగింపదగినచోట అప్పగించుట వాహనదారుని ధర్మము.