గడ్డపార పట్టిన చేతికి లివర్ ఎవరు నేర్పారు?

1955 నవంబరు 17న భాక్రా డ్యామ్‌లో నెహ్రూ మొదటి కాంక్రీటు పోశారు. సరిగ్గా 23 రోజులకు, డిసెంబరు 10న, ఆయనే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. మన నోట్సుల్లో ఈ రెండూ 'ఆధునిక దేవాలయాలు' అనే ఒకే హెడ్డింగ్ కింద ఉంటాయి. కానీ కట్టిన తీరు చూస్తే ఇవి రెండు వేరు వేరు కథలు. భాక్రా యంత్రాలతో కట్టిన కాంక్రీటు డ్యామ్. సాగర్ ప్రధానంగా మనుషుల చేతులతో లేచిన రాతి కట్టడం.

సాగర్‌కు రాయిని ఎంచుకోవడానికి కారణాలు తెలిసినవే: సిమెంటు కొరత, విదేశీ మారకద్రవ్యం కొరత, పని కావాల్సిన లక్షల చేతులు. ఇంకో కారణాన్ని కూడా చేర్చాలని నా అభిప్రాయం. ఆ చేతులకు పని అప్పటికే వచ్చు. రాయి కొట్టడం, మట్టి తవ్వడం వడ్డెర కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ వెంట ఊళ్లు వదిలి దేశంలోని ప్రాజెక్టులకు వెళ్లేవారు. ఈ పని నేర్పడానికి ప్రభుత్వం ఒక్క బడి కూడా పెట్టాల్సిన అవసరం రాలేదు.

భాక్రాలో అలా కుదరదు. కేబుల్‌వే, క్రేన్, పవర్ షవెల్ ఎవరి తాతా నడపలేదు. అందుకే 1952లో అమెరికా నుంచి హార్వే స్లోకమ్‌ను రప్పించారు. ఆయన స్టీల్ మిల్లులో కూలీగా మొదలై, గ్రాండ్ కూలీ డ్యామ్ నిర్మాణంలో సూపరింటెండెంట్ స్థాయికి ఎదిగినవాడు. పెద్ద చదువు లేదు. ఆయన, ఆయన వెంట వచ్చిన అమెరికన్ నిపుణులు మనవాళ్ల పక్కన నిలబడి పని చేయిస్తూ నేర్పారు. స్లోకమ్ 1961లో చనిపోయాడు. 1963 అక్టోబరులో డ్యామ్‌ను జాతికి అంకితం చేశారు. ముఖర్జీ నగర్‌లో దొరికే ఏ నోట్స్ తిరగేసినా భాక్రా ఎత్తు 226 మీటర్లని ఉంటుంది. ఆ ఎత్తుకు బకెట్ చేర్చిన ఆపరేటర్ గురించి ఒక్క లైను ఉండదు.

తెలుగు నేల మీద ఈ శిక్షణ ఒక పద్ధతిగా కనిపించేది సింగరేణిలో. 1975లో అక్కడ ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైంది, 1986లో వాకింగ్ డ్రాగ్‌లైన్ వచ్చింది. గని కాబట్టి చట్టం ముందే ఉంది. 1966 మైన్స్ ఒకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ప్రకారం కొత్తగా చేరినవాణ్ని నేరుగా పనిలోకి దింపకూడదు. పాఠం చెప్పాలి, చేతితో చేయించాలి. మేనేజర్ నుంచి రాతపూర్వక అనుమతి లేనివాడు భారీ యంత్రం నడపకూడదు. మెయిన్స్‌లో పారిశ్రామిక భద్రత మీద ప్రశ్న వస్తే ఈ రూల్స్ వాడుకోవచ్చు. చాలామంది ఫ్యాక్టరీల చట్టం దగ్గరే ఆగిపోతారు.

గని గేటు దాటి బయటికొస్తే కథ మారిపోతుంది. 1979లో ఎస్కార్ట్స్‌తో కలిసి జేసీబీ మన దేశంలో అడుగుపెట్టింది. ఫ్యాక్టరీ బల్లభ్‌గఢ్‌లో. ఇక్కడి నుంచి కశ్మీరీ గేట్‌లో మెట్రో మారితే వైలెట్ లైన్ నేరుగా ఆ ఊరికే తీసుకెళ్తుంది. తర్వాత పసుపు రంగు బండి ఏదైనా మన ఊళ్లలో జేసీబీయే అయింది. పొక్లెయిన్ కూడా నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరే. యంత్రాలు ఊరూరికీ వచ్చాయి, బడి మాత్రం రాలేదు. హెల్పర్‌గా చేరడమే నేర్చుకునే దారి. గ్రీజు కొట్టాలి, డీజిల్ పోయాలి, అరిగిన బకెట్ పళ్లు మార్చాలి, రాత్రి బండికి కాపలా పడుకోవాలి. ఆపరేటర్ అన్నానికి దిగినప్పుడు నాలుగు బకెట్లు ఎత్తి చూడాలి. ఏడాదో రెండేళ్లో గడిచాక 'వీడికి చేయి తిరిగింది' అంటారు. అదే సర్టిఫికెట్.

ఈ పద్ధతిని చిన్నచూపు చూడలేం. బకెట్ ఎంత లోతుకు దించితే ఇంజిన్ మూలుగుతుందో పుస్తకం చెప్పదు, చెవి చెబుతుంది. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఎక్స్‌కవేటర్ గంటకు ఎన్ని ఘనపు మీటర్లు తవ్వుతుందో లెక్క వేశాం, దాన్ని నడిపేవాడు ఎలా తయారవుతాడో ఎవరూ అడగలేదు. కానీ ఇందులో ఒక లోపం ఉంది. డ్రైవింగ్ స్కూల్ కారులో నేర్పేవాడి కాళ్ల కింద కూడా బ్రేకు ఉంటుంది. ఎక్స్‌కవేటర్‌లో సీటు ఒక్కటే. నేర్పేవాడు కింద నిలబడి చేతి సైగలతో చెప్పాలి. పొరపాటు జరిగితే ఆపే రెండో చెయ్యి ఉండదు. అందుకే గట్టు అంచుకు ఎంత దూరం ఉండాలి, పైన కరెంటు తీగలుంటే బూమ్ ఎంతవరకు ఎత్తాలి అనేవి సీటెక్కకముందే నేర్పాల్సినవి. హెల్పర్ దారిలో 'ఇలా చెయ్' అని చెప్పేవాడుంటాడు. 'ఎందుకు' అని చెప్పేవాడు దొరకడం అదృష్టం. డ్రైవింగ్ లైసెన్స్ కూడా చూసేది రోడ్డు మీద బండి నడపడాన్ని, గొయ్యి తవ్వడాన్ని కాదు.

ఈలోగా గడ్డపార పట్టినవాళ్లకు ఏమైంది? 2005 ఉపాధి హామీ చట్టం వీలైనంతవరకు చేతులతోనే పని చేయించాలని, కూలీల పని లాగేసుకునే యంత్రాలు వద్దని చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. ఆ నిబంధన అవసరమైనదే, దాన్ని నేను సమర్థిస్తాను. కానీ అది కూలీని యంత్రం నుంచి కాపాడింది, యంత్రం మీదికి ఎక్కించలేదు. ఎక్కించే ప్రయత్నం వేరే శాఖల్లో, విడిగా నడిచింది: 1998లో హైదరాబాద్‌లో పెట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 2015 జులైలో స్కిల్ ఇండియా. పనిలోనే నేర్చుకున్నవాణ్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి వీటిలో నాకు నచ్చినది. చేయి తిరిగినవాడికి అది కాగితం ఇస్తుంది.

అయితే ఆర్‌పీఎల్ అప్పటికే సీటెక్కినవాడికే పనికొస్తుంది. సాగర్ దగ్గర తట్టలు మోసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. నేడు జేసీబీ సీట్లో ఆడమనిషి కనిపిస్తే వార్త అవుతుంది. బండి పక్కన రాత్రి కాపలా పడుకుంటే తప్ప పని నేర్పని దారిలోకి పాలమూరు ఆడపిల్ల ఎలా వస్తుంది? ఉదయం వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే శిక్షణ కేంద్రం మండలంలో ఉంటే రాగలదు.