గిన్నెకో ముక్క: పోర్చుగల్ పండుగ సూప్ కథ

డిసెంబరు 31 అర్ధరాత్రి గడియారం పన్నెండు కొడుతుంటే పోర్చుగల్ జనం పన్నెండు ఎండుద్రాక్షలు నోట్లో వేసుకుంటారు. ఒక్కో గంటకు ఒక్కో పండు, ఒక్కో కోరిక. బాణసంచా, కౌగిలింతలు, శుభాకాంక్షలు అయ్యాక చాలా ఇళ్ళలోనూ విందు హాళ్ళలోనూ పొగలు కక్కుతూ సూప్ గిన్నెలు వస్తాయి. మెదిపిన బంగాళాదుంపతో కాస్త చిక్కబడిన చారు, అందులో దారప్పోగుల్లా తరిగిన ఆకుకూర, పైన పొగబెట్టిన సాసేజ్ ముక్క ఒకటి. దీని పేరు కాల్దు వేర్ద్, అంటే పచ్చ చారు.

ఈ సూప్ ఆ ఒక్క రాత్రికే పరిమితం కాదు. జూన్ 12 రాత్రి లిస్బన్ వీధుల్లో సెయింట్ ఆంటోనీ పండుగ, జూన్ 23 రాత్రి పోర్టోలో సెయింట్ జాన్ పండుగ జరుగుతాయి. బొగ్గుల మీద కాలుతున్న సార్డీన్ చేపల పక్కనే కాల్దు వేర్ద్ గుండిగ ఉంటుంది. పెళ్ళి విందులో తెల్లవారుజాము దాకా నాట్యం చేసినవాళ్ళకు చివరగా వడ్డించేదీ ఇదే. వేడుక ఏదైనా, భారీ వంటకాలన్నీ అయ్యాక కడుపుకు హాయినిచ్చే పని దీనిది.

అరగంటలో తయారవుతుంది, కడుపులో తేలిగ్గా ఉంటుంది. ఈ రెండు గుణాలకే ఇవాళ దీన్ని మెచ్చుకుంటున్నాం. కానీ ఆ తేలికదనం ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. మాంసం కొనలేని రైతు ఇంట్లో, ఉన్న కాస్తనే పదిమందికి సర్దిన ఇల్లాలి లెక్కలోంచి పుట్టింది. ఈ సూప్ చరిత్ర చెప్పాలంటే ఆ లెక్క దగ్గరే మొదలుపెట్టాలి.

మీన్యు చేలగట్ల మీద

పోర్చుగల్ వాయవ్య మూలన, స్పెయిన్‌లోని గలీసియాకు ఆనుకుని ఉన్న ప్రాంతం మీన్యు. అట్లాంటిక్ మీంచి వచ్చే మేఘాలు ఇక్కడ పుష్కలంగా కురుస్తాయి. దేశంలో పచ్చదనానికి పేరుపడ్డ నేల ఇది. అయితే పచ్చగా ఉన్నంత మాత్రాన సంపన్నంగా ఉన్నట్టు కాదు. జనసాంద్రత ఎక్కువ. తరతరాల పంపకాలతో కమతాలు చిన్న చిన్న మడులైపోయాయి. అందుకే జానెడు నేల కూడా వృథా పోకూడదు. మడి మధ్యలో మొక్కజొన్న వేసేవారు. ద్రాక్షతీగను గట్ల మీది చెట్లకూ, ఎత్తయిన రాతిస్తంభాలకూ పాకించేవారు. మిగిలిన అంచుల్లో, పెరటి గోడ పక్కన, కోవ్ గలేగా అనే ఆకుకూర పెంచేవారు.

ఇది క్యాబేజీ జాతిదే. కానీ గడ్డ కట్టదు. నిటారుగా కాడ పెరిగి, వెడల్పాటి ముదురాకుపచ్చ ఆకులు వేస్తుంది. కింది ఆకులు కోసుకుంటూ పోతే మొక్క పైకి ఎదుగుతూనే ఉంటుంది, మనిషి నడుం దాటి పోతుంది. చలికాలపు మంచుకు చావదు. ఇతర కూరలు దొరకని నెలల్లోనూ పెరట్లోకి వెళ్ళి నాలుగు ఆకులు తెంపుకురావచ్చు. పేదింటికి ఇంతకంటే నమ్మకమైన పంట ఉండదు.

ముదురాకును ఉడికించాలంటే చాలాసేపు పడుతుంది. దానికి మీన్యు ఆడవాళ్ళు కత్తితోనే ఉపాయం చూశారు. మధ్య ఈనె తీసేసి, ఆకుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, బిగుతుగా చుట్టి, వెంట్రుకంత సన్నగా తరిగేవారు. అలా తరిగిన ఆకు మరిగే చారులో నాలుగైదు నిమిషాల్లో మెత్తబడుతుంది, రంగు పోదు. సూప్ మంచిదా కాదా అన్నది ఇప్పటికీ ఈ తరుగుడు చూసే చెబుతారు. సంతల్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు చేత్తో తిప్పే చిన్న యంత్రంలో ఆకుల్ని దూర్చి, పచ్చటి పోగుల్ని సంచుల్లోకి నింపి ఇస్తారు. ఇవాళ సూపర్‌మార్కెట్లలో సైతం తరిగిన ఆకు పొట్లాలు దొరుకుతాయి.

ఓడలు దిగిన దినుసులు

పోర్చుగీసువాళ్ళు తమ నేల తాలూకు అసలుసిసలు వంటగా చెప్పుకునే ఈ సూప్‌లో కొన్ని ముఖ్యమైన దినుసులు సముద్రం దాటి వచ్చినవే. ఆకుకూర, వెల్లుల్లి, ఉల్లి, ఆలివ్ నూనె, పందిమాంసం పాతకాలం నుంచీ ఉన్నాయి. మిగతావి అమెరికా ఖండాల నుంచి వచ్చాయి.

మొదట మొక్కజొన్న వచ్చింది. 16వ శతాబ్దంలో అడుగుపెట్టి, మీన్యు వానలకు చక్కగా సరిపోయి, పాత చిరుధాన్యాలను వెనక్కి నెట్టేసింది. ఈ సూప్‌తో నంజుకునే బ్రోవా అనే గట్టి రొట్టె ఆ మొక్కజొన్న పిండిదే. కండెల్ని తేమ నుంచీ ఎలుకల నుంచీ కాపాడటానికి రాతికాళ్ళ మీద కట్టిన గాదెలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. సువాజు గ్రామంలో ఒకే రాతిగుట్ట మీద అలాంటివి 24 ఉన్నాయి. వాటిలో పాతదాని మీద 1782 అని చెక్కి ఉంది.

బంగాళాదుంప ఆలస్యంగా వచ్చింది. ఐరోపాలో దిగాక కూడా చాలాకాలం రైతులు దాన్ని నమ్మలేదు. ఉత్తర పోర్చుగల్ చేలల్లో అది విరివిగా పండింది 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దంలో. అంతకు ముందు కొండప్రాంతాల్లో చారు చిక్కబడటానికి చెస్ట్‌నట్ గింజలు, టర్నిప్ దుంపలు, ఎండురొట్టె వేసుకునేవారు. 19వ శతాబ్దంలో వేరుకుళ్ళు తెగులు చెస్ట్‌నట్ తోపుల్ని దెబ్బతీశాక దుంపకు మరింత చోటు దొరికింది. అంటే ఇవాళ మనం చూస్తున్న రూపంలో కాల్దు వేర్ద్ వయసు రెండువందల ఏళ్ళకు అటూ ఇటూ. ఆకుకూర చారు మాత్రం అంతకంటే ఎంతో పాతది.

మూడోది మిరప. సాసేజ్‌కు ఎర్రరంగునూ పొగవాసనతో కలిసిన కమ్మదనాన్నీ ఇచ్చేది కారం లేని ఎర్ర మిరపపొడి. కొలంబస్ 1493లో తిరిగొచ్చినప్పుడు మిరప ఐరోపాకు తెలిసింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద అది భారత పశ్చిమ తీరానికి చేరింది. గుంటూరు మిరపయార్డులో రాశులు పోసే కాయకూ, మీన్యు రైతు సాసేజ్‌కు రంగిచ్చే కాయకూ పుట్టిల్లు ఒకటే. ఒకచోట కారానికి పెంచారు, మరోచోట రంగుకు పెంచారు.

ఆ ఓడలు సాసేజ్‌ను కూడా మోసుకొచ్చాయి. 1510లో అఫోన్సో ద అల్బుకర్క్ గోవాను పట్టుకున్నాడు. 1961 డిసెంబరులో భారత సైన్యం విడిపించేదాకా అక్కడ పోర్చుగీసు పాలనే. వాళ్ళు షోరీసు అని పిలిచే ఆ సాసేజ్ అక్కడ చోరీస్ అయింది. ద్రాక్షసారా బదులు కొబ్బరికల్లు వెనిగర్ పోశారు, ఎర్ర మిరపకాయలు దట్టించారు, మసాలాలు చేర్చారు. చిన్న పూసలదండలా కట్టిన ఆ సాసేజ్‌లు మపుసా సంతలో ఇవాళ కూడా వేలాడుతుంటాయి.

ఏడాదికి ఒక పంది

ఇక ఆ ఒక్క ముక్క సంగతి. మీన్యు రైతు ఇంట్లో పందిని కోయడం చలికాలపు పెద్ద ఘట్టం. నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ నాటి నుంచి ఆ రోజులు మొదలవుతాయి. చలి ఉంటే మాంసం త్వరగా పాడవదు కనుక అదే అదను. చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి సాయం పట్టేవారు. రక్తం మొదలుకొని కొవ్వు దాకా ఏదీ పారేసేవారు కాదు. తొడల్ని ఉప్పులో ఊరేసేవారు. మిగతా మాంసాన్ని ముక్కలు కోసి, ద్రాక్షసారా, వెల్లుల్లి, మిరపపొడి పట్టించి నానబెట్టి, శుభ్రం చేసిన పేగుల్లో కూరేవారు. వాటిని పొయ్యి పైన దూలాలకు వేలాడదీస్తే రోజుల తరబడి కట్టెల పొగ తగిలి ఆరి గట్టిపడేవి. అదే షోరీసు.

ఆ ఒక్క పంది ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా రావాలి. కాబట్టి సాసేజ్ కోసే చెయ్యి బిగపట్టుకునే ఉండేది. గిన్నెకో ముక్క అన్న వాడుక అలా స్థిరపడింది. చాలా రోజులు అదీ ఉండేది కాదు. చారులో కాస్త ఉప్పుపట్టిన పందికొవ్వు కరిగితే చాలనుకునేవారు.

ఇందులోని తెలివి తెలుగు వంటింటికి కొత్త కాదు. కోస్తాలో గుప్పెడు ఎండురొయ్యలు గోంగూరలో పడితే కుండెడు కూరకు రొయ్యల రుచి వస్తుంది. తెలంగాణలో ఎండబెట్టిన మాంసపు ఒట్టి తునకలు నాలుగు చుక్కకూరలో వేస్తే ఇల్లంతా తింటుంది. మీన్యు ముక్క చేసేదీ అదే. మాంసం అక్కడ రుచికి, కడుపు నింపేది ఆకూ దుంపా.

పొయ్యి పొగలో రోజుల తరబడి ఆరిన సాసేజ్, పెరట్లో ఏడాదంతా నిలిచిన మొక్క ముందే సిద్ధంగా ఉన్నాయి కాబట్టే పొయ్యి మీద అరగంట సరిపోయింది. చేలో పొద్దుగూకేదాకా పనిచేసి వచ్చిన ఆడమనిషికి అంతకంటే వ్యవధి ఉండేది కాదు.

పాటలోకి, పుస్తకంలోకి

పోర్చుగల్‌లో అచ్చయిన మొదటి వంటల పుస్తకం 1680లో వచ్చింది. రాసిన దొమింగుష్ రొద్రీగెష్ రాజుగారి వంటవాడు. అది కొలువు విందుల పుస్తకం. రైతు పొయ్యి మీద ఏం ఉడుకుతోందో రాసిపెట్టే పని ఎవరికీ పట్టలేదు. తల్లి దగ్గర కూతురు చూసి నేర్చుకుంటేనే ఆ చారు మిగిలింది.

20వ శతాబ్దం నడుమ అది ఒక్కసారిగా జాతి చిహ్నమైంది. పోర్చుగీసు ఫాదో పాటల గాయని అమాలియా రొద్రీగెష్ పాడిన ‘ఉమ కాజ పుర్తుగేజ’ పాట దేశదేశాల్లో మోగింది. పేదదైనా ప్రేమ నిండిన పోర్చుగీసు ఇంటిని వర్ణించే ఆ పాటలో కాల్దు వేర్ద్ కూడా ఉంది. అది సలజార్ నియంతృత్వ కాలం. ఉన్నదానితో తృప్తిపడే పల్లెటూరి పేదవాడే ఆదర్శమని చెప్పడం ఆ ప్రభుత్వానికి అనుకూలంగా ఉండేది. అందుకే ఆ నియంతృత్వాన్ని కూల్చిన 1974 ఏప్రిల్ 25 విప్లవం తర్వాత, పేదరికానికి అందం పూసిందని ఆ పాటను విమర్శించినవాళ్ళున్నారు.

వాళ్ళ విమర్శలో న్యాయముంది. ఆ పాట మోగుతున్న ఏళ్ళలోనే మీన్యు పల్లెలు ఖాళీ అవుతున్నాయి. 1960 మొదలు 1974 దాకా పది లక్షల మందికి పైగా పోర్చుగీసులు దేశం విడిచారు. ఎక్కువమంది ఫ్రాన్స్ వెళ్ళారు. కాగితాలు లేకుండా రాత్రివేళ పిరనీస్ కొండలు దాటినవాళ్ళు లెక్కలేనంతమంది. ఆఫ్రికాలోని వలసరాజ్యాల్లో 1961లో మొదలైన యుద్ధానికి కొడుకుల్ని పంపలేక కొందరు, ఒక్క ముక్కతో ఒక గిన్నె చారు తాగి బతకలేక కొందరు. ఈ సూప్‌ను మెచ్చుకునేటప్పుడు ఆ ఆకలిని మరిచిపోతే చరిత్రకు అన్యాయం చేసినట్టే.

వెళ్ళినవాళ్ళు వంటను వెంట తీసుకెళ్ళారు. బ్రెజిల్‌లో జూన్ పండుగల్లో కాల్దు వేర్ద్ ఉంటుంది. అమెరికాలో ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణాల్లో స్థిరపడ్డ అజోర్స్ దీవులవాళ్ళు చిక్కుళ్ళు, సాసేజ్ దండిగా వేసి చేసే కేల్ సూప్ దీనికి దగ్గరి బంధువు. ఫ్రాన్స్ నుంచి ఆగస్టు సెలవుల్లో సొంతూరికి వచ్చే కుటుంబాల కోసం జరిగే ఊరి జాతరల్లో ఈ గుండిగ మళ్ళీ పొయ్యెక్కుతుంది.

ఇల్లాళ్ళ వంటల్ని రాతకెక్కించిన ఘనత మరియా ద లూర్ద్‌ష్ మొదెష్తుది. 1958 నుంచి టెలివిజన్‌లో వంటలు నేర్పిన ఆమె, ప్రేక్షకులు ఉత్తరాల్లో పంపిన ఇంటివంటల్ని కూడబెట్టి, పరిశీలించి, ప్రాంతాలవారీగా పేర్చి 1982లో ‘కుజీన్య త్రదిస్యునాల్ పుర్తుగేజ’ వెలువరించారు. పేరులేని ఇల్లాళ్ళ చేతివంటకు రాజుగారి వంటవాడి పుస్తకం పక్కన చోటు దక్కింది. 2011లో దేశమంతా ఓట్లు వేసి ఎంచుకున్న పోర్చుగల్ ఏడు వంటింటి అద్భుతాల్లో కాల్దు వేర్ద్ ఒకటి.

ఇంట్లో చేసుకోవాలంటే

నలుగురికి: బంగాళాదుంపలు అరకిలో, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు రెండు, నీళ్ళు లీటరున్నర, సన్నగా తరిగిన కేల్ ఆకు పావుకిలో, పొగబెట్టిన సాసేజ్ సుమారు 100 గ్రాములు, ఆలివ్ నూనె మూడు చెంచాలు, ఉప్పు.

దుంపలు, ఉల్లి, వెల్లుల్లి ముక్కలుగా కోసి, సాసేజ్‌ను కొయ్యకుండా అలాగే వేసి, ఉప్పునీళ్ళలో ఇరవై నిమిషాలు ఉడికించండి. సాసేజ్ తీసి పక్కన పెట్టి, దుంపల్ని ఆ నీళ్ళలోనే మెత్తగా మెదపండి. చారు గరిటె జారుగా ఉండాలి, ముద్దలా కాకూడదు. మళ్ళీ తెర్లుతున్నప్పుడు ఆకు వేసి, మూత పెట్టకుండా నాలుగైదు నిమిషాలు ఉంచండి. రంగు మారకముందే దించి, పైన నూనె పోసి, సాసేజ్‌ను చక్రాల్లా కోసి గిన్నెల్లో వేయండి. మొక్కజొన్న రొట్టె పక్కన ఉంటే మరీ మంచిది.

కేల్ దొరకని ఊళ్ళో నూల్‌కోల్ ఆకులు, కాలీఫ్లవర్ లేత ఆకులు వాడండి. వృక్షశాస్త్రం ప్రకారం ఇవన్నీ ఒకే జాతి మొక్కలు. గోవా చోరీస్ వేస్తే పులుపు, కారం వస్తాయి. అది పచ్చిది కాబట్టి లోపలిదాకా ఉడికిందో లేదో చూసుకోండి.

సాసేజ్ మాత్రం పెంచకండి. నిల్వచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చుతూ 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చేసిన హెచ్చరిక ఒక కారణం. రుచి రెండో కారణం. ముక్కలు ఎక్కువైతే ఉప్పూ కొవ్వూ పైకి తేలి ఆకు రుచి అణిగిపోతుంది. మీన్యు ఇల్లాలు లేమితో కోసిన కొలత, కలిగినవాళ్ళకు కూడా సరైన కొలతే.